గంట కొట్టని వాచీ, బిల్లు అడుగుతున్న షాపు

ప్రశ్న: మాది కావలి. మా తాతగారు అభ్రకం వ్యాపారం చేసే రోజుల్లో కొన్న స్విస్ చేతి గడియారం ఉంది. పక్కనున్న మీట జరిపితే అప్పటి టైం ఎంతో గంటలు కొట్టి చెబుతుంది. చెన్నైలో ఒక షాపులో సర్వీసుకి ఇచ్చాం. 38 వేలకు ఒప్పుకుని 15 వేలు అడ్వాన్సు తీసుకున్నారు. ఐదు నెలల తర్వాత వెళితే ముళ్లు తిరుగుతున్నాయి గానీ గంట మోగడం లేదు. ‘అది ముందు నుంచీ ఉన్న లోపమే, మిగతా 23 వేలు కడితేనే వాచీ ఇస్తాం’ అంటున్నారు. చీటీ వెనక ‘పాడైతే మా బాధ్యత కాదు’ అని అచ్చు వేసి ఉంది. ఇచ్చే ముందు సంక్రాంతికి పిల్లలకు గంట వినిపిస్తూ తీసిన వీడియో మా దగ్గర ఉంది. పోలీసు కేసు పెట్టవచ్చా?

జవాబు: ఇప్పుడే స్టేషన్‌కి వెళ్లకండి. భారతీయ న్యాయ సంహిత 316 సెక్షన్ ప్రకారం నమ్మకద్రోహం నేరం కావాలంటే దురుద్దేశం ఉండాలి. పని సరిగా చేయకపోవడం ఒక్కటే అందుకు చాలదు. లోపలి భాగాలు మార్చేశారని తేలినా, అసలు వాచీయే తీసుకోలేదని బుకాయించినా అప్పుడు కథ వేరు.

మీ దగ్గరున్నది మినిట్ రిపీటర్. కరెంటు దీపాలు లేని కాలంలో చీకట్లో టైం తెలుసుకోవడానికి పుట్టిన ఏర్పాటు ఇది. లోపల రెండు చిన్న సుత్తులు, యంత్రం చుట్టూ రెండు ఉక్కు తీగలు. 12:59కి మీట జరిపితే గంటలకు 12 దెబ్బలు, పావుగంటలకు మూడు జంట దెబ్బలు, మిగిలిన నిమిషాలకు 14. ఇలాంటి దాంట్లో నష్టం కంటికి కనిపించదు, చెవికే తెలుస్తుంది. అందుకే మీ కేసుకి ప్రాణం ఆ సంక్రాంతి వీడియోనే. అది తీసిన ఫోను మార్చకండి, అమ్మకండి. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63 సెక్షన్ ధ్రువపత్రంతో దాన్ని దాఖలు చేయవచ్చు.

ఇక బిల్లు. కాంట్రాక్టు చట్టం 170 సెక్షన్ ప్రకారం, వస్తువు మీద ఒప్పుకున్న పని చేసినవాడు కూలి అందేదాకా దాన్ని ఉంచుకోవచ్చు. సానపెట్టమని ఇచ్చిన వజ్రాన్నే చట్టం ఉదాహరణగా చెప్పింది. కానీ పని ఒప్పుకున్నట్టు జరిగి ఉండాలి. మీ చీటీలో ‘సర్వీసు’ అని మాత్రమే ఉందా, గంట సంగతి కూడా రాశారా? ఒక్కసారి చూడండి. ఉత్త సర్వీసు అనే ఉంటే వాళ్లు దాన్నే పట్టుకుని వాదిస్తారు.

నేనైతే ఆ 23 వేలు కట్టేయమంటాను. చట్టం మీ వైపు ఉందని వాచీని వాళ్ల దగ్గర ఏడాది ఉంచితే, లోపల ఏం మారిందో ఎవరు చెప్పగలరు? ‘అభ్యంతరంతో కడుతున్నాను, గంట మోగడం లేదు’ అని రాసి, దాని కాపీ మీద సంతకం తీసుకోండి. సంతకం ఇవ్వనంటే అదే మాట స్పీడ్ పోస్టులో పంపాక కట్టండి. మీట జరిపి చూపించమని అక్కడే వీడియో తీయండి. తెచ్చాక ఇంకో మెకానిక్‌తో మూత తీయించకండి! ‘వాడే పాడుచేశాడు’ అంటారు. స్వతంత్ర నిపుణుడితో చూపించమని వినియోగదారుల కమిషన్‌నే అడుగుదాం.

చీటీ వెనక అచ్చు గురించి అంత టెన్షన్ వద్దు. మన వస్తువును తన వస్తువులా జాగ్రత్తగా చూడాలని కాంట్రాక్టు చట్టం 151 సెక్షన్ అంటుంది. మీకు చదివి చూపని, మీరు సంతకం పెట్టని గీతను ప్రత్యేక ఒప్పందం అనడం వాళ్లకు కష్టం. వాళ్ల చేతిలో ఉండగా పాడైందని మీరు చూపిస్తే, జాగ్రత్తగానే ఉన్నామని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే.

చెన్నై చుట్టూ తిరగనక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టంలో 34 సెక్షన్ ప్రకారం మీరుండే జిల్లాలోనే, అంటే నెల్లూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కేసు విలువ లెక్క మీరు ఇచ్చిన డబ్బును బట్టే, వాచీ ధరను బట్టి కాదు. 5 లక్షల లోపు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు (నా వృత్తికి నష్టమే, అయినా చెప్పాలి). వాచీ ధర మొత్తం అడగకండి, అది మీ చేతికొచ్చింది కదా. తయారుచేసిన కంపెనీ నుంచి మరమ్మతు ఖర్చు ఎంతో రాతపూర్వకంగా తెప్పించి, ఆ మొత్తం, కట్టిన 38 వేలు, మనోవేదనకు పరిహారం అడగండి. గడువు రెండేళ్లు. గంట మోగడం లేదని మీకు తెలిసిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి.