షిప్పులో ఉద్యోగానికి ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు, కట్టొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా తమ్ముడు ఐటీఐ చేసి మర్చంట్ నేవీకి పోతానంటున్నాడు. నాలుగు లక్షలు కడితే విజిట్ వీసా మీద దుబాయ్ తీసుకెళ్లి అక్కడ షిప్పు ఎక్కిస్తానని ఒక ఏజెంటు చెప్తున్నాడు. అక్కడ పని ఎలా ఉంటుంది? జీతం ఇవ్వకపోతే ఎవరిని అడగాలి?

జవాబు: అక్కా, డబ్బు మాత్రం కట్టకండి. మాది అచ్చంపేట. డెక్ మీద ఓఎస్‌గా, అంటే కింది స్థాయి నావికుడిగా ఎక్కి, దాని పై మెట్టు ఏబీ దాకా చేశాను. షిప్పు ఎక్కించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోవడం నేరుగా రూలుకు విరుద్ధం. ఎంఎల్‌సీ అని నావికుల హక్కుల గురించి 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 2013 నుంచి అమల్లో ఉంది, మన దేశం కూడా 2015లో ఒప్పుకుంది. దాని ప్రకారం పాస్‌పోర్టు, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), మెడికల్ ఖర్చులు మనవి. వీసా ఖర్చు మాత్రం ఓనరుదే. పాలమూరు నుంచి కూలీలను తీసుకెళ్లిన గుంపు మేస్త్రులు కనీసం చేతిలో అడ్వాన్సు పెట్టి తీసుకెళ్లేవాళ్లు. వీళ్లు మన దగ్గరే లక్షలు గుంజి తీసుకెళ్తారు.

ఏజెంట్లు ఇక్కడే ఒక మెలిక పెడతారు. కోర్సు ఫీజు వేరు, జాయినింగ్ ఫీజు వేరు. ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్. అది గుర్తించిన కాలేజీలో ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సుకు (కింది స్థాయి నావికుల శిక్షణ) ఫీజు కట్టడం మామూలే. రెండూ కలిపి ఒకే లెక్క చెప్పారంటే అనుమానించాలి. మనవాళ్లను ఓడ ఎక్కించే కంపెనీకి డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ అనే నియామకాల లైసెన్సు ఉండాలి, ఆ జాబితా వాళ్ల వెబ్‌సైటులోనే ఉంటుంది. విజిట్ వీసా మీద దుబాయ్ అన్నాడంటే ఆ జాబితాలో వాడి పేరు ఉంటుందని నేననుకోను. అలా వెళ్లిన పిల్లలు తేలేది ఎక్కువగా ఏ పాత చిన్న షిప్పులోనో.

ఇక పని. నేను చేసింది బొగ్గు, ధాన్యం లాంటివి గుట్టగా నింపుకెళ్లే బల్క్ క్యారియర్ల మీద, కాబట్టి వాటి సంగతే చెప్తాను. బొగ్గు దించిన షిప్పుకు తర్వాతి సరుకు గోధుమలు పడిందనుకోండి, అక్కడికి చేరేలోపు హోల్డులన్నీ కడగాలి. హోల్డు అంటే షిప్పులో సరుకు నింపే గది, మన ఊరి రైస్ మిల్లు గోదాముకన్నా లోతు. ముందు ఊడ్చి, ప్రెషర్‌తో ఉప్పునీళ్లు కొట్టి, ఆ ఉప్పు పోయేలా మళ్లీ మంచినీళ్లతో కడిగి, నిచ్చెన మీద నిలబడి మూలల్లో మిగిలింది గీకాలి. ఎక్కడో ఒక నల్ల మరక కనిపించినా హోల్డు తనిఖీ చేసే సర్వేయర్ ఫెయిల్ చేస్తాడు, మళ్లీ మొదలు. ఈలోగా రాత్రి రెండింటికి షిప్పును రేవులోకి నడిపించే పైలట్ వస్తాడు, తాళ్లు కట్టడానికి అందరూ లేవాలి. మర్నాడు వాచ్ డ్యూటీ మామూలే.

రూలు ప్రకారం రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆ 10 గంటల్ని రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలుండాలి. రెస్ట్ అవర్స్ షీటులో మాత్రం అందరం హాయిగా నిద్రపోయినట్టే రాసి ఉంటుంది. మాతో సంతకం పెట్టించేవాళ్లు. 2020లో వరల్డ్ మారిటైమ్ యూనివర్సిటీ అధ్యయనం కూడా రికార్డులు ఇలా సర్దేయడం మామూలైపోయిందనే చెప్పింది. నన్నడిగితే ఎంఎల్‌సీలో అన్నిటికన్నా బలహీనంగా అమలయ్యేది ఇదే. పనికి మనుషుల సంఖ్య పెంచకుండా కాగితాన్ని సరిచేస్తే నిద్ర రాదు కదా. తమ్ముణ్ణి సొంతంగా ఒక డైరీలో గంటలు రాసుకోమనండి.

జీతం విషయంలో రూలు గట్టిదే, మనం పట్టుబట్టాలంతే. ఒక పాత షిప్పులో మాకు జీతాలు ఆగిపోయాయి. ఓనరు ఒక దేశం, మేనేజరు ఇంకో దేశం, జెండా, అంటే షిప్పు రిజిస్టరైంది, మూడో దేశానిది. ఎవరిని అడిగినా పక్కవాడిని చూపించేవాళ్లు. స్టోరులో బియ్యం, పప్పు తగ్గిపోతుంటే టెన్షన్ మొదలైంది. రెండు నెలల జీతం బాకీ పడితే ఎంఎల్‌సీ ప్రకారం ఓనరు నావికుల్ని వదిలేసినట్టే లెక్క. అప్పుడు నాలుగు నెలల వరకూ బాకీ జీతం, తిండి, ఇంటికి టికెట్ షిప్పుకు ఇన్సూరెన్సు ఇచ్చిన కంపెనీ ఇవ్వాలి. 2017 నుంచి ఈ రూలు ఉంది. ఆ ఇన్సూరెన్సు సర్టిఫికెట్ షిప్పులో అందరికీ కనిపించేలా అంటించాలి. మేము దాన్ని ఫొటో తీసి, చేరిన రేవులో ఐటీఎఫ్ ఇన్‌స్పెక్టర్‌కు పంపాం. ఐటీఎఫ్ అంటే రవాణా కార్మికుల అంతర్జాతీయ యూనియన్, చాలా రేవుల్లో వాళ్ల మనుషులుంటారు. ఆయన షిప్పెక్కి కెప్టెన్‌తో లెక్కలు తీయించాడు. షిప్పు అక్కడి నుంచి కదలకముందే డబ్బులు ఇళ్లకు చేరాయి. రేవు అధికారులు షిప్పును ఆపేస్తారన్న భయమే పని చేసింది.

అందరి కథా ఇలా తేలదు. ఐటీఎఫ్ లెక్కల ప్రకారం 2024లో 300 పైగా ఓడలను ఓనర్లు వదిలేశారు, 3 వేల మందికి పైగా నావికులు చిక్కుకుపోయారు, వాళ్లలో అందరికన్నా ఎక్కువ మన భారతీయులే. మన దేశంలో అడగాలంటే ముంబైలో నుసి అనే నావికుల యూనియన్ ఉంది, డీజీ షిప్పింగ్‌కు ఫిర్యాదు చేయొచ్చు. లైసెన్సు ఉన్న కంపెనీ అయితే బ్యాంక్ గ్యారంటీ కట్టి ఉంటుంది కాబట్టి భయపడుతుంది. లైసెన్సు లేనివాడు ఫోన్ ఆఫ్ చేస్తాడు, అంతే.

కాంట్రాక్టు కాపీ ఎక్కేముందే చేతిలో ఉండాలి, చదవడానికి టైమివ్వాలి. జీతం, ఓవర్‌టైం, ఎన్ని నెలలు అన్నీ అందులో ఉండాలి. 12 నెలలు నిండకముందే ఇంటికి పంపాలి. కరోనా టైంలో లక్షల మంది గడువు దాటినా సముద్రం మీదే ఉండిపోయారు, అది వేరే సంగతి. షిప్పు పేరు, ఐఎంఓ నంబరు (ప్రతి షిప్పుకూ ఉండే గుర్తింపు నంబరు) అడగండి. వదిలేసిన ఓడల జాబితాను ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) నెట్‌లో పెడుతుంది, ఆ షిప్పు అందులో ఉందేమో వెతకండి. నంబరు చెప్పనన్నాడంటే ఇక మాట్లాడాల్సింది లేదు.

తమ్ముడి ఒరిజినల్ పాస్‌పోర్టు, టెన్త్ మెమో ఇప్పటికే వాడి దగ్గర ఉన్నాయా? ఉంటే రేపే వెళ్లి తెచ్చుకోండి. ఆఫర్ లెటరులో ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు ఉంటే ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, నేనూ చూసి చెప్తాను.