చచ్చి లేచిన సేనాపతి

ప్రశ్న: నేనొక ఫాంటసీ నవల రాస్తున్నాను. పదో అధ్యాయంలో సేనాపతి యుద్ధంలో చనిపోతాడు. ఒక మాంత్రికురాలు అతణ్ణి లేపుతుంది. ఇక చావే లేనివాడి కథలో ఉత్కంఠ ఏముంటుందని మిత్రులు పెదవి విరుస్తున్నారు. జీవన్మృతుడికీ చిరంజీవికీ తేడా ఎలా చూపాలి? - ఒక పాఠకుడు

జవాబు: మీ మిత్రులు ఇద్దరినీ ఒకే గాటన కట్టేశారు. చిరంజీవికి తగిలిన దెబ్బ మానుతుంది. మీ సేనాపతికి మానదు. నెత్తురు పారని ఒంట్లో గాయం ఎలా పూడుతుంది? చనిపోయేనాడు విరిగిన మోకాలితో అతడు ఎప్పటికీ కుంటవలసిందే. వేలు తెగితే కుట్టించుకోవాలి, లేదంటే నాలుగు వేళ్లతో కత్తి పట్టడం నేర్చుకోవాలి. చావు భయం పోయి అరిగిపోతానన్న భయం పట్టుకుంటుంది. ఉత్కంఠకు ఇంకేం కావాలి?

ఊపిరి సంగతి చూడండి. అతడికి ఊపిరితో పనిలేదు, కానీ గొంతు పలకాలంటే గాలి కావాలి. అందుకని నోరు తెరిచే ముందు పనిగట్టుకుని రొమ్ము నిండా గాలి పీల్చుకోవాలి. అది అయిపోతే ఆజ్ఞ సగంలో తెగుతుంది. భార్య ఎదుట మౌనంగా నిలబడ్డాడనుకోండి, ఆ ఛాతీ కదలదు. ఆమె చూపు అక్కడే ఆగిపోతుంది. (కుళ్లిన మాంసం, పురుగులు మాత్రం దయచేసి వద్దు. చదివి చదివి విసుగెత్తింది.)

అసలు తేల్చుకోవలసింది, లేచినది ఎవరన్నది. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో వేతాళుడు శవంలో అద్దెకున్నవాడు. ఆ చచ్చినవాడి పగలూ ప్రేమలూ అతడికి పట్టవు. ఐస్‌లాండు గాథల్లోని ద్రౌగర్ అలా కాదు, చచ్చిన మనిషే మరింత బలంతో తిరిగొస్తాడు. గ్రెట్టిర్ గాథలో గ్లామ్ అనే గొర్రెల కాపరి అలాగే లేచి, రాత్రిళ్లు ఇళ్ల కప్పులెక్కి ఊరిని హడలగొడతాడు. గ్రెట్టిర్ అతడి తల నరికేస్తాడు. అయినా వెన్నెల్లో చూసిన ఆ కళ్లు గెలిచినవాణ్ణి వదలవు. అంతటి వీరుడూ ఆ తర్వాత చీకట్లో ఒంటరిగా ఉండలేకపోతాడు.

మీ సేనాపతి ఏ కోవకు చెందుతాడు? భార్యను గుర్తుపడితే గ్లామ్ దారి. గుర్తుపట్టినా కాళ్లు మాత్రం మాంత్రికురాలి మాటే వింటే, అది ఈ రెండింటికన్నా ఘోరం. నేనైతే దాన్నే ఎంచుకుంటాను. మాంత్రికురాలు చనిపోతే అతడు కూలిపోతాడా, స్వేచ్ఛ పొందుతాడా? దీనికి జవాబు రెండో అధ్యాయంలోనే, వేరే ఏ అనామక సైనికుడి మీదనో జరిపి చూపించండి. పదో అధ్యాయందాకా దాచిపెడితే, అవసరానికి నియమం పుట్టించారని పాఠకులు ఇట్టే పట్టేస్తారు.