సముద్రపు నాచుకు వేర్లు లేకపోతే రాయిని ఎలా పట్టుకుంటుంది?

నాచు కూడా మొక్కే కదా, వేర్లు లేకుండా అలల దెబ్బకు ఎలా నిలబడుతుందని అడిగారు. నేను విశాఖలో బోటనీ చదువుకునే రోజుల్లో నాకూ ఇదే సందేహం. అమావాస్యకో పౌర్ణమికో నీరు బాగా తీసినప్పుడు తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదికి వెళ్లేవాళ్లం. అక్కడ పచ్చగా పరుచుకుని కనిపించేది అల్వా అనే నాచు. ఒక రెబ్బ పట్టుకుని లాగితే చిరిగి చేతిలోకి వచ్చేసింది. దాని మొదట్లో ఉన్న చిన్న బిళ్ల మాత్రం రాయికే అతుక్కుని ఉంది. గోటితో గీకినా ఊడలేదు!

ఆ బిళ్లే హోల్డ్‌ఫాస్ట్. దాని పని పట్టుకోవడమే, వేరులా నీళ్లు తోడి పైకి పంపడం కాదు. అల్వా రెబ్బ మందం రెండే రెండు కణాలు. ఎండకు ఎత్తి చూస్తే అవతల చేతివేళ్లు కనిపిస్తాయి. ప్రతి కణానికీ సముద్రం తగులుతూనే ఉంటుంది కాబట్టి దేనికి కావలసిన లవణాలు అదే తీసుకుంటుంది. ఇక వేరెందుకు, కాండమెందుకు? పూలు, గింజలు కూడా ఉండవు. వాటి బదులు, నాలుగు తోకలతో ఈదే సిద్ధబీజాలు (స్పోర్లు అనే ఒంటికణాలు) వెళ్లి ఇంకో రాయిని పట్టుకుంటాయి.

అన్నీ మొక్కలేనా అంటే, కాదు. పచ్చ నాచులు నేల మీది మొక్కలకు దగ్గరి చుట్టాలు. సర్గాసమ్ లాంటి గోధుమరంగువి వేరే వంశం, డయాటమ్‌లనే ఒంటికణం నీటి జీవులకు దగ్గర. వాటికి మిరియాల్లాంటి గాలి బుడగలుంటాయి, కొమ్మల్ని వెలుతురు వైపు తేల్చి ఉంచేవి అవే.

నాకు బాగా నచ్చేవి ఎర్రవి. గ్రాసిలేరియా ముక్కను వేడినీళ్లలో వేసి చూడండి, కాసేపట్లో పచ్చబడుతుంది. లోపల పత్రహరితం ముందునుంచీ ఉన్నదే, దాన్ని కప్పిన ఎర్రరంగు వేడికి చెడిపోతుంది. లోతుకు చేరే నీలి, ఆకుపచ్చ వెలుతురును పట్టేది ఆ ఎర్రరంగే. ల్యాబుల్లో వాడే అగార్ అనే జెల్లీ పదార్థం కూడా ఈ జాతుల నుంచే తీస్తారు.

చూడాలనుంటే నీరు తీస్తుండగా వెళ్లి, పోటు మొదలవగానే వచ్చేయండి. రాళ్లు బాగా జారుతాయి, జాగ్రత్త. శాంపిల్ కావాలంటే పీకకుండా కత్తెరతో కొస మాత్రం కోసుకోండి. ఆ బిళ్ల రాయి మీదే ఉంటే అక్కడి నుంచి మళ్లీ చిగురిస్తుంది.