మూడు రోజుల ఇంప్లాంట్ కోర్సా, మూడేళ్ల రేడియాలజీయా?

ప్రశ్న: మా అమ్మాయికి బీడీఎస్ హౌస్ సర్జన్సీ ఈ నెలతో అయిపోతుంది. ఇంప్లాంట్లు (పోయిన పంటి చోట దవడ ఎముకలో బిగించే స్క్రూలు) పెట్టడం నేర్చుకుంటే వెంటనే సంపాదన మొదలవుతుందని తెలిసినవాళ్లు చెబితే, మూడు రోజుల కోర్సుకు డబ్బు కట్టేశాం. తనేమో నోటి జబ్బులు గుర్తించి, స్కాన్లు చదివే ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీలో ఎండీఎస్ (డెంటల్ పీజీ) చేస్తానంటోంది. పన్ను ముట్టుకోని బ్రాంచికి గిరాకీ ఉంటుందా? రెండింట్లో ఏది మేలు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, అమ్మాయిని అడగకుండా డబ్బు కట్టడం తప్పు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఐదేళ్లు చదివించినా ఇంకా చేతికి రూపాయి రాలేదన్నది మీ అసలు దిగులు. అది న్యాయమైనదే. అయితే ఆ దిగులు తీరడానికి ఆమెను డ్రిల్లు పట్టుకోమని తొందరపెట్టకండి.

ఎముకలో టైటానియం స్క్రూ బిగించడం త్వరగానే చేతికొస్తుంది. ఎంత లోతులో ఆగాలో తెలియడమే కష్టం. కింది దవడ ఎముకలో ఒక సన్నని కాలువ ఉంటుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం అందులోంచే వెళ్తుంది. డ్రిల్లు దానికి తగిలితే తిమ్మిరి నెలల తరబడి, ఒక్కోసారి జీవితాంతం ఉండిపోతుంది. కాఫీ పెదవి మీంచి కారుతున్నా ఆ మనిషికి తెలియదు.

ఒక లెక్క చూడండి. కింది దవడలో మొదటి పెద్ద దంతం పోయినచోట, చిగురు కింద ఎముక అంచు నుంచి కాలువ పైకప్పు వరకు నిజంగా 13 మిల్లీమీటర్లుందనుకుందాం. ఓపీజీ (దవడలన్నీ ఒకే చిత్రంలో చూపే) ఎక్స్‌రే కొలతల్ని పాతిక శాతం దాకా పెంచి చూపించగలదు కాబట్టి అక్కడ 16 కనిపిస్తుంది. దాన్ని నమ్మి 13 మి.మీ. ఇంప్లాంట్ ఎంచుకుంటే నేరుగా కాలువ మీదకే వెళ్తారు. సీబీసీటీ (దవడను 3డీలో చూపే స్కాన్) తీస్తే, ఎముకను అడ్డంగా కోసినట్టు చూపే చిత్రాల్లో, అంటే అడ్డుకోతల్లో, అసలు 13 తెలుస్తుంది. అదే కోతలో పైన 2 మి.మీ. ఎముక కత్తి అంచులా సన్నగా ఉందనీ, దాన్ని చెక్కేయాలనీ కూడా తెలుస్తుంది. ఇక మిగిలింది 11. కాలువకు పైన భద్రత కోసం వదలాల్సిన 2, ఇంప్లాంట్ పొడవును దాటి డ్రిల్లు మొన దిగే సుమారు 1 కూడా తీసేస్తే 8 మి.మీ. ఇంప్లాంటే సరైనది.

స్కాన్ తీయగానే పనైపోదు. కొందరిలో కాలువ చుట్టూ ఉండాల్సిన తెల్లని అంచు కనబడదు. అప్పుడు గడ్డం పక్కన నరం ఎముకలోంచి బయటికొచ్చే రంధ్రం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో కోత చూసుకుంటూ వెనక్కి వెళ్లాలి. సాఫ్ట్‌వేర్ గీసిన రంగు గీతనే నరమనుకుంటే మోసపోతారు. కాలువ రెండుగా చీలి ఉండొచ్చు. రంధ్రంలోంచి బయటికొచ్చే ముందు నరం కాస్త ముందుకెళ్లి వెనక్కి వంగొచ్చు. స్కాన్ తీస్తుండగా పేషెంట్ తల కదిలితే అంచులు రెండేసిగా కనిపిస్తాయి. ఆ స్కాన్ మీద కొలతలు తీయకూడదు. ఇంకో సంగతి: మత్తు దిగాల్సిన టైము దాటినా తిమ్మిరి ఉంటే అదే తగ్గుతుందిలే అని ఊరుకోకూడదు. వెంటనే స్కాన్ చూసి, ఇంప్లాంట్ కాలువలోకి దిగి ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే తీసేయాలి.

ఇవన్నీ చదవగలిగేలా తయారుచేసేది మీ అమ్మాయి కోరుకుంటున్న బ్రాంచే. ఇంప్లాంటాలజీకి మన దేశంలో ప్రత్యేకంగా ఎండీఎస్ లేదు. సర్జరీ, పెరియో (చిగుళ్ల వైద్యం), ప్రాస్థో (కట్టుడు పళ్ల వైద్యం) వాళ్లు తమ కోర్సులో భాగంగా నేర్చుకుంటారు. మూడు రోజుల సర్టిఫికెట్‌తో ఎవరూ స్పెషలిస్టు కాలేరు.

రేడియాలజీలోనూ మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, దాచను. డెంటల్ కాలేజీల్లో బోధన, స్కాన్ సెంటర్లలో రిపోర్టింగ్, ఇంటి నుంచే రిపోర్టులు రాయడం లాంటి దారులున్నాయి. చదువు అవగానే సొంత సీబీసీటీ మెషీన్ కోసం మాత్రం అప్పు చేయకండి. ఖరీదు ఎక్కువ, పైగా ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లైసెన్సు తప్పనిసరి.

భయపడాల్సిందేమీ లేదమ్మా. ఏ బ్రాంచిలో ఎండీఎస్ చేసినా బీడీఎస్ పట్టా ఎక్కడికీ పోదు. ఎండీఎస్ అయ్యాక సాయంత్రాలు క్లినిక్‌లో పళ్లు తీయొచ్చు, రూట్ కెనాల్ చేయొచ్చు. కోర్సు వాళ్లను అడిగి బ్యాచ్ వాయిదా వేయించండి. ఈలోగా అమ్మాయిని కాలేజీ రేడియాలజీ విభాగంలో కూర్చుని, పది స్కాన్లలో కాలువను తన చేత్తో గీసి, అక్కడి మేడమ్‌కు చూపించమనండి. పదకొండోది కూడా ఇష్టంగా తెరిచిందంటే ఎండీఎస్‌కు పంపండి.