పిచ్చావరం మడ అడవులు: ఈత రానివారు కయాక్‌లో వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా చెన్నైలో స్థిరపడ్డాం. చిదంబరం దగ్గరి పిచ్చావరంలో ఉదయం గైడుతో నడక, ఆ తరువాత మడ అడవుల మధ్య కయాక్ ప్రయాణం, రాత్రికి తిరిగి చెన్నై చేరేలా ఒక బృందం వారు యాత్ర ఏర్పాటు చేస్తున్నారు. మా పన్నెండేళ్ల అబ్బాయి, అరవై దాటిన మామగారు కూడా వస్తామంటున్నారు. మాలో ఎవరికీ ఈత రాదు. వెళ్లవచ్చా? ఏ నెలలో వెళితే మంచిది?
— ఒక పాఠకురాలు, విల్లివాక్కం

జవాబు: తప్పకుండా వెళ్లవచ్చునమ్మా. అయితే తేదీని సెలవులనుబట్టి కాక పోటుపాట్లనుబట్టి (సముద్రపు నీరు పెరగడం పోటు, తగ్గడం పాటు) నిర్ణయించుకోండి. వెల్లారు, కొల్లిడం నదులు సముద్రంలో కలిసే చోట్లకు నడుమ వెయ్యి హెక్టార్లకు పైగా విస్తరించిన ఈ అడవిలో దారులన్నీ కాలువలే. వాటిలో నీరు రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది, ఆ వేళలు కూడా ప్రతి రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. నీరు బాగా తీసినప్పుడు సన్నని కాలువల్లో కయాక్ అడుగు బురదకు ఆనుకొని కదలదు. అలసిన చేతులతో తిరిగి వచ్చేటప్పుడు ప్రవాహం ఎదురైతే పిల్లలకూ పెద్దలకూ కష్టం. కాబట్టి డబ్బు కట్టే ముందు, ఆ రోజు పోటు ఎన్ని గంటలకో గైడును అడగండి. దానికి జవాబు చెప్పలేని బృందంతో వెళ్లవద్దని నా గట్టి సలహా.

కాలువల్లో చాలాచోట్ల లోతు తక్కువే అయినా లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ ఎక్కకూడదు. బకిల్స్ అన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే అది ఆ మనిషికి వదులన్నమాట. అబ్బాయికి పెద్దల జాకెట్‌తో సరిపెట్టనివ్వకండి, అతని కొలతది ఉందో లేదో ముందే ఫోను చేసి కనుక్కోండి. ఇద్దరు కూర్చునే కయాక్‌లో దిశ మార్చేది వెనక కూర్చున్నవారే కనుక మామగారిని గైడు ముందు, అబ్బాయిని కాస్త అనుభవం ఉన్నవారి ముందు కూర్చోబెట్టడం మేలు. ఒకవేళ పడవ తిరగబడితే అడుగున నిలబడి నడవాలని చూడకుండా దానినే పట్టుకొని ఉండాలి, ఎందుకంటే అక్కడి బురద కాలిని మోకాటి వరకు పట్టేస్తుంది.

నిజానికి ఈతకంటే ఎండ గురించే ఎక్కువ ఆలోచించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, తుపానులు. ఏప్రిల్ దాటితే భరించలేని వేడి. జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నివిధాలా అనుకూలం, వలస పక్షులు కూడా అప్పటికి ఉంటాయి. చెన్నై నుంచి దాదాపు 240 కిలోమీటర్లు కనుక అర్ధరాత్రి బయలుదేరి నిద్రలేని కళ్లతో తెడ్డు పట్టేకంటే, ముందురోజు సాయంత్రమే చిదంబరం చేరి అక్కడ పడుకోవడం, ముఖ్యంగా మామగారి కోసం, మంచిదని నా అభిప్రాయం.

నడకకు చెప్పులు పనికిరావు, బురదలో ఊడిపోతాయి. మడమ వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. మడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా నిక్కి నిలిచేవి వాటి ఊపిరి వేళ్లు: గాలి ఆడని ఆ నేలలో వేరుకు ప్రాణవాయువు అందేది వాటి ద్వారానే. వాటిని తొక్కితే పాదానికీ చెట్టుకూ దెబ్బే కనుక గైడు అడుగులోనే అడుగు వేయమని అబ్బాయికి చెప్పండి. ఆ చెట్టు ఆకునొకదాన్ని వంచి ఎండకు చూపిస్తే పైన సన్నని ఉప్పు పలుకులు మెరుస్తాయి. వేళ్లు పీల్చిన ఉప్పును ఆకు అలా బయటకు నెట్టేస్తుంది. ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉండే ఎండ్రకాయలు, బురద మీద గెంతే చిన్న చేపలు నీరు తీసిన వేళల్లోనే కనిపిస్తాయి. అందుకని నడక పాటులో, కయాక్ పోటులో పడే రోజు దొరికితే దానినే ఎంచుకోండి.

ప్రశ్న: మడ అడవుల్లో ఒక చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందంటారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, అశోక్ నగర్

జవాబు: అది తిల్ల చెట్టు. చిదంబరానికి తిల్లై అన్న పాత పేరు వచ్చింది దీనివల్లే, అక్కడి నటరాజస్వామి ఆలయానికి స్థలవృక్షం కూడా ఇదే. విరిచినచోట కారే తెల్లని పాలు చర్మం మీద బొబ్బలు తెప్పిస్తాయి, కంట్లో పడితే తాత్కాలికంగా చూపు పోవచ్చు. కయాక్ ఒడ్డుకు తగిలినప్పుడు ఆసరా కోసం కొమ్మ పట్టుకోవడం అందరికీ అలవాటే కనుక, చేతితో కాక తెడ్డుతోనే నెట్టుకోవాలి. పొరపాటున కంట్లో పడితే నలపకుండా మంచినీటితో పదిహేను నిమిషాలైనా కడిగి, వెంటనే కంటి వైద్యునికి చూపించాలి.