జర్మనీలోని హమ్ అనే ఊళ్లో కామాక్షి అమ్మవారి రథోత్సవానికి మనం వెళ్లొచ్చా?

"హమ్ రథోత్సవం శ్రీలంక తమిళుల పండుగ కదా, తెలుగువాళ్లం వెళ్తే ఇబ్బందిగా ఉంటుందా? ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, చిన్నపిల్లల్ని తీసుకెళ్లొచ్చా?" అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. నేను డోర్ట్‌మండ్‌లో ఉంటాను. అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, పాపని కూడా వెంటబెట్టుకుని ముగ్గురం వెళ్లాం. మీరెవరు, ఏ ఊరు అని ఒక్కరూ అడగలేదు. అమ్మకి తమిళం రాదు, పక్కనున్న పెద్దావిడకి తెలుగు రాదు. అయినా ఆవిడే అమ్మ చెయ్యి పట్టుకుని రథం తాడు దాకా తీసుకెళ్లింది. అమ్మ కోనసీమ మనిషి, అంతర్వేది నరసింహస్వామి రథం చూస్తూ పెరిగింది. తాడు చేతికి అందగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

వెళ్లే ముందు ఆ గుడి వెనకున్న కథ కాస్త తెలుసుకోండి. 1983 తర్వాత శ్రీలంకలో యుద్ధం వల్ల ఇల్లూ వాకిలీ వదిలేసి జర్మనీకి వచ్చినవాళ్లు కట్టుకున్న గుడి అది. మొదట ఒక ఇంటి సెల్లార్‌లో చిన్న పూజగా మొదలైంది. 1993లో అమ్మవారిని తొలిసారి వీధిలోకి ఊరేగించారు. ఏటికేడు జనం పెరిగారు, ఇళ్ల మధ్య అంత సందడి ఏమిటని చుట్టుపక్కలవాళ్లు అభ్యంతరం చెప్పారు. చివరికి ఊరి శివార్లలో, ఊంట్రోప్ అనే చోట ఫ్యాక్టరీల మధ్య స్థలం దొరికింది. కంచి కామాక్షి గుడిని ఆదర్శంగా పెట్టుకుని, 17 మీటర్ల గోపురంతో కట్టి, 2002 జులైలో కుంభాభిషేకం చేశారు. మన దగ్గర గుడి అంటే తాతల నాటి నుంచి ఉన్నది. వీళ్లు పరాయి దేశంలో సున్నా నుంచి నిలబెట్టుకున్నారు. అందుకే అక్కడికి వింత చూడ్డానికి వెళ్లినట్టు వెళ్లొద్దని నా మనవి. ఫోన్ జేబులో పెట్టి కాసేపైనా తాడు పట్టండి.

రథం కదిలే ముందు నాదస్వరం, తవిల్ (తమిళుల డోలు) అందుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ముందు వరుసల్లో కొబ్బరికాయలు గుట్టలుగా పోసి కొడతారు. పంచెలు కట్టిన మగవాళ్లు రోడ్డు మీద పొర్లుదండాలు పెడుతూ వెళ్తారు. ఆడవాళ్లు పాలకుండలు, కర్పూరం వెలిగే కుండలు పట్టుకుని నడుస్తారు. కావడి ఎత్తినవాళ్లలో కొందరు వీపుకి కొక్కేలు గుచ్చుకుంటారు. ఇది పిల్లలకి ముందే చెప్పండి. మా పాప మొదట భయపడింది. "అమ్మవారికి మొక్కుకున్నారు, ఆ మొక్కు తీర్చుకుంటున్నారు" అని అమ్మ చెప్పాక కుదుటపడింది. దగ్గరకెళ్లి వాళ్ల ఫొటోలు తీయకండి, అది వాళ్ల మొక్కు.

పండుగ రెండు వారాలపాటు జరుగుతుంది. రథోత్సవం మాత్రం ఆదివారం నాడు. తేదీ ఏటా మారుతుంది, మే చివర నుంచి జులై లోపు ఎప్పుడైనా పడొచ్చు. గుడివాళ్లు ప్రకటించే తేదీ చూసుకునే టికెట్లు బుక్ చేసుకోండి. వేల మంది వస్తారు, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ నుంచి కూడా. కారులో వెళ్తే పార్కింగ్ పెద్ద టెన్షన్, కాబట్టి పొద్దున్నే చేరుకోండి. డోర్ట్‌మండ్ నుంచి హమ్‌కి రైలు అరగంట లోపే, అక్కడి నుంచి బస్సు.

తాడు పట్టేవాళ్లు చాలామంది చెప్పులు లేకుండానే నడుస్తారు. ఎండకి తారురోడ్డు కాలిపోతుంది, దాని మీద కొబ్బరి చిప్పల ముక్కలు కూడా ఉంటాయి. పెద్దవాళ్లకి, పిల్లలకి మందపాటి సాక్సులు వేయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఊరేగింపు మొత్తం తిరగక్కర్లేదు, గుడి దగ్గరే నీడలో కూర్చుంటే రథం తిరిగొచ్చేటప్పుడు దర్శనం అవుతుంది. మంచినీళ్లు, టోపీలు, గొడుగు ఉండాలి. భోజనం గురించి దిగులు వద్దు, అన్నదానం ఉంటుంది. బయట దుకాణాల్లో వడలు, చీరలు, గాజులు అన్నీ దొరుకుతాయి.

సోమవారం సెలవు దొరికితే ఉండిపోండి. రథోత్సవం మర్నాడు అమ్మవారిని దగ్గర్లోని డాటెల్న్–హమ్ కాలువకి తీసుకెళ్లి తీర్థస్నానం చేయిస్తారు. ఆదివారం అంత రద్దీ ఉండదు, పెద్దవాళ్లు దగ్గర నుంచి చూడొచ్చు.