ఇటుక లేని ఫ్లాట్: మైవాన్ షట్టరింగ్‌లో ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో బుక్ చేసుకున్న ఫ్లాట్‌లో ఇటుక పనే లేదు, మైవాన్ అనే అల్యూమినియం షట్టరింగ్ (కాంక్రీటు పోసే అచ్చు పలకలు) బిగించి గోడలూ స్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తున్నారు, అది గట్టిగా ఉంటుందా, సైటుకు వెళ్తే ఏం చూడాలి?

గట్టిగానే ఉంటుంది. ఇందులో దాదాపు ప్రతి గోడా బరువు మోసే షియర్ వాల్ కాబట్టి భూకంపం అడ్డంగా తోసే తోపును పిల్లర్లూ బీములూ మాత్రమే కాకుండా గోడలన్నీ పంచుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు ప్రభుత్వం తరఫున టిడ్కో ఇళ్లు కట్టింది కూడా షియర్ వాల్ పద్ధతిలోనే. కానీ ఇటుక పనిలో ఉండే వెసులుబాటు ఇక్కడ ఉండదు. ఇటుక గోడ అర అంగుళం వాలితే ప్లాస్టరింగ్‌లో సర్దేస్తారు, కరెంటు పైపు మరిచిపోతే గాడి కొట్టి పెడతారు. ఇక్కడ ప్లాస్టరింగ్ లేదు, నేరుగా లప్పం పడుతుంది. గాడి కొడితే లోపలి కడ్డీ తెగుతుంది. అందుకే మీరు వెళ్లాల్సింది గోడలు లేచాక కాదు, కాంక్రీటు పోసే ముందు రోజు.

ముందుగా డ్రాయింగ్ అడిగి గోడ మందం చూడండి. భూకంపాలను తట్టుకునే కట్టడాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 13920 ప్రకారం షియర్ వాల్ కనీసం 150 మి.మీ. ఉండాలి. అంతకన్నా పల్చగా ఉంటే డిజైన్ ఏ కోడ్ ప్రకారం చేశారో ఇంజనీరు చెప్పగలగాలి.

గోడ కడ్డీల జాలీ కట్టాక, పలకలు మూసేలోపు మూడు చూడాలి. జాలీకి రెండు వైపులా గుండ్రటి పీవీసీ కవర్ బ్లాకులు ఉన్నాయా? లేకపోతే కడ్డీ పలకకు ఆనుకుంటుంది, కొన్నేళ్లకు తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడుతుంది. తలుపు, కిటికీ మూలల దగ్గర ఏటవాలుగా అదనపు కడ్డీలు కట్టారా? ఈ ఇళ్లలో అందరూ ఫిర్యాదు చేసే పగులు కిటికీ మూల నుంచి వంకరగా పాకేదే. కాంక్రీటు ఆరి కుంచించుకుపోతున్నప్పుడు లాగుడంతా ఆ మూలకే చేరుతుంది. మూడోది కరెంటు పైపులు, స్విచ్ బాక్సులు. బాక్సులను కడ్డీలకు గట్టిగా కట్టి, నోళ్లు మూయకపోతే పోసేటప్పుడు పక్కకు జరుగుతాయి, లేదా సిమెంటు పాలు దూరి పైపు మూసుకుపోతుంది. ఏసీ పైపు కంతకు స్లీవ్ (గోడలో వదిలే గొట్టం ముక్క) కూడా అప్పుడే పెట్టించాలి.

ఇక పలకలు. 4 మి.మీ. అల్యూమినియం రేకుతో చేసినవి, చదరపు మీటరుకు 20 నుంచి 25 కిలోలు తూగుతాయి. క్రేన్ అక్కర్లేదు, స్లాబ్‌లో వదిలిన కంతల్లోంచి చేతులతోనే పై అంతస్తుకు అందిస్తారు. వాటిని పిన్ను, వెడ్జ్ (చీల) కొట్టి కలుపుతారు. గోడకు రెండు వైపులున్న పలకలు విడిపోకుండా పట్టి ఉంచేవి టైలు. గోడల్లో పోసే కాంక్రీటు జారుగా పారేలా ఉంటుంది, 2.8 మీటర్ల ఎత్తు ఒకేసారి నిలబడితే అడుగున చదరపు మీటరుకు దాదాపు ఏడు టన్నుల ఒత్తిడి పడుతుంది. ఒక్క టై మరిచినా, వెడ్జ్ వదులైనా ఆ చోట గోడ ఉబ్బుతుంది. తర్వాత చెక్కడం తప్ప దారి లేదు. గది రెండు కర్ణాలనూ టేపుతో కొలవండి, తేడా 5 మి.మీ. దాటితే మూలమట్టం తప్పినట్టే. గుండు దారం వేలాడదీసి గోడ తూకమూ చూడండి.

బయటి గోడ మీద కిక్కర్ అనే పలకల వరుస ఉంటుంది. మిగతావి విప్పేసినా దాన్ని విప్పరు, పై అంతస్తు బయటి పలకలు దాని మీదే నిలుస్తాయి. అది కాస్త వాలితే పై అంతస్తు మొత్తం వాలుతుంది. దాని మట్టాన్ని ప్రతి అంతస్తులో లెవల్ మెషీన్‌తో సరిచూస్తున్నారా అని అడగండి.

కాంక్రీటులో కంకర 10-12 మి.మీ. ఉండాలి. 20 మి.మీ. కంకర వేస్తే ఇరుకు గోడలో కడ్డీల మధ్య ఇరుక్కుని కింద బోలు మిగులుతుంది. తనంతట పారే కాంక్రీటు అయితే, పరీక్ష కోసం నింపిన కోన్ (శంకువు ఆకారపు డబ్బా) ఎత్తాక 660-750 మి.మీ. వెడల్పున పరుచుకోవాలి, కంకర మధ్యలో కుప్పగా, అంచుల్లో నీళ్లుగా విడిపోకూడదు. బండి ఆలస్యమై బిగిసిందని నీళ్లు కలుపుతుంటే ఆపించండి. సైటులో ఎక్కువగా చెడేది కిటికీ కింది భాగం. రెండు వైపుల నుంచీ పోస్తే మధ్యలో గాలి చిక్కుకుని తేనెపట్టులా మిగులుతుంది. ఒక వైపు నుంచే పోసి రెండో వైపు పైకి తేలేదాకా ఆగాలి, కిటికీ అడుగు పలకకు గాలి పోయే రంధ్రాలు ఉండాలి. మిగతా గోడలను చుట్టూ మీటరు మీటరు చొప్పున లేపుతూ, రబ్బరు సుత్తితో పలక మీద తడుతూ పోవాలి. నిండిన చోటా బోలు చోటా శబ్దం వేరుగా వస్తుంది.

కొత్త పలకలతో పోసిన మొదటి అంతస్తుల్లో గోడ మీద చిన్న చిన్న బుడగల గుంటలు కనిపిస్తే కంగారు పడకండి. తాజా కాంక్రీటులోని క్షారం అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ వదులుతుంది. పలకలకు ముందే పూత వేస్తే తగ్గుతుంది.

విప్పడంలో తొందరే ప్రమాదం. కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు, చల్లటి వాతావరణం కానప్పుడు, గోడ పలకలు 16-24 గంటలకు, స్లాబ్ పలకలు మూడు రోజులకు తీయవచ్చు. 4.5 మీటర్ల లోపు స్లాబ్ కింద ప్రాప్‌లు (ఆసరా గుంజలు) ఏడు రోజులు, దాటితే 14 రోజులు ఉండాలి. ఈ పద్ధతి గొప్పదనమే అక్కడుంది, ప్రాప్‌ను కదపకుండా చుట్టూ పలకలు విప్పవచ్చు. ప్రాప్ తీసేసి మళ్లీ బిగిస్తున్నట్టు కనిపిస్తే గట్టిగా అభ్యంతరం చెప్పండి, స్లాబ్ మధ్యలో పగుళ్లు అలాగే పుడతాయి.

అన్నింటికన్నా నిర్లక్ష్యం జరిగేది క్యూరింగ్‌లో, అంటే కాంక్రీటును తడిగా ఉంచడంలో. పల్చటి గోడ మర్నాటికే రెండు వైపులా ఎండకు ఉంటుంది. వేడి, పొడి వాతావరణంలో మామూలు సిమెంటుకు కనీసం 10 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన దానికి 14 రోజులు తడి నిలవాలని అదే కోడ్ చెబుతుంది. నిలువు గోడ మీద నీళ్లు ఆగవు కాబట్టి పలక విప్పిన వెంటనే తడి ఆరిపోకుండా ఆపే క్యూరింగ్ కాంపౌండ్ పూత కొట్టడం మేలు. మైనపు రకమైతే లప్పం వేసే ముందు రుద్ది తీయించాలి, లేదంటే పట్టదు.

వానాకాలంలో గోడ చెమ్మగిల్లేది రెండు చోట్ల: టైలు వదిలిన కంతలు, అంతస్తుల మధ్య కిక్కర్ అతుకు. కంతలను రెండు వైపుల నుంచీ కుంచించుకుపోని గ్రౌట్ (కంతలు నింపే సిమెంటు ముద్ద)తో నింపి, రంగు వేయకముందే బయటి నుంచి పైపుతో నీళ్లు కొట్టి పరీక్షించమనండి.

వేడి మాత్రం నిజమైన లోపమే. 160 మి.మీ. కాంక్రీటు గోడ తొమ్మిదంగుళాల ఇటుక గోడకన్నా త్వరగా వేడిని లోపలికి పంపుతుంది. పడమటి గది ఉంటే నీడ, వేడిని తిప్పికొట్టే తెల్ల పూత ముందే ఆలోచించుకోండి.

ఏ గోడనూ తర్వాత పడగొట్టకూడదు, కొత్త తలుపు తెరవకూడదు. పెద్ద కంత కావాలంటే స్ట్రక్చరల్ ఇంజనీరు ఒప్పుకున్నాకే కోర్ కటింగ్ (యంత్రంతో గుండ్రంగా కోయడం). పలకలు మూయకముందు ప్రతి గోడ పైపుల ఫొటోలు, కొలతలతో సహా, మీ దగ్గర పెట్టుకోండి. మేకు కొట్టే ముందు, డ్రిల్ పెట్టే ముందు అవే చూసుకోవాలి.